గేటు అవతలి పిల్లలు

కారియర్ లేని సైకిల్ తనకొద్దని యశస్విని తెగేసి చెప్పింది.

సైకిల్ షాపు పాల్ రాజు నవ్వాడు. "పదహారు సైజు బండికి కారియర్ రాదమ్మా. ముందు బుట్ట ఉంది చూడు. నీ బొమ్మలన్నీ అందులో పెట్టుకోవచ్చు."

"బొమ్మలకి కాదు. వెనకాల ఇంకో పిల్ల కూర్చోవాలి."

"ఎవరమ్మా ఆ పిల్ల?"

యశస్విని తండ్రి మొహంలోకి చూసింది. హరీష్ గోడకి వేలాడుతున్న ట్యూబుల వైపు చూశాడు. ఎల్లుండికి కూతురికి ఆరేళ్ళు నిండుతాయి. ఉంగుటూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడే తల్లితో కలిసి అతను కాపలా ఉండే మామిడితోటకి వచ్చేసింది. వచ్చి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజుల్లో దానితో మాట్లాడిన పిల్లగానీ పిల్లాడుగానీ ఒక్కరు లేరు.

"ఏదో ఒకటి బిగించండి," అన్నాడు హరీష్. "పాతదైనా పర్లేదు."

పాల్ రాజు లోపలికి వెళ్ళి ఇనుప సామాను గలగలలాడించి, ఏ పాత బండిదో చిన్న కారియర్ ఒకటి వెతికి తెచ్చాడు. దాని కాళ్ళు పొడవెక్కువ. రెండు వైపులా రంపంతో కోసి, కొసలు సుత్తితో చదును చేసి, బెజ్జాలు పొడిచాడు. యశస్విని అతని మోకాలి పక్కనే గొంతుకూర్చుని ప్రతి నట్టూ బిగిసిందాకా చూసింది. ఆఖర్న అతను వెనక చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పాడు. ఒక కన్ను మూసి రిమ్ము వంకర చూసుకుని, రెండు చువ్వలు సర్దాడు.

"ఎక్కడ తొక్కుతుంది? రోడ్డు మీదా?"

"తోటలోనండి. లక్ష్మీనారాయణ గారు గుత్తకి తీసుకున్నారే, ఆ తోట. నేను కాపలా ఉంటాను."

"అబ్బో, ఆ తోటా? ఈ ఏడు పిట్టని కూడా వాలనివ్వట్లేదంటగా కాపలావాడు. నువ్వేనా ఆ మనిషివి!"

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో హరీష్‌కి తెలియలేదు. "కాపలా అంటే అంతేగదండీ," అన్నాడు.

షేర్ ఆటో పైన సైకిల్‌ని తాడుతో కట్టించి, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నూజివీడు దాటాక రోడ్డు వారగా ఆటో నీడ పరిగెడుతుంటే, ఆ నీడ నెత్తిన సైకిల్ నీడ కూడా పరిగెత్తింది. యశస్విని తల బయటపెట్టి దారంతా దాన్నే చూసింది. "పడిపోలేదు నాన్నా," అని మధ్యమధ్యలో చెబుతూనే ఉంది.

తోట గేటు మనిషెత్తు ఇనపగేటు. ఎప్పుడూ గొలుసు, గొలుసుకి తాళం. అక్కణ్ణుంచి వాళ్ళుండే మకాం షెడ్డు దాకా ట్రాక్టర్ తిరిగి తిరిగి గట్టిపడ్డ బాట ఒకటుంది. మిగతాదంతా దున్ని వదిలిన నేల. ఇరవై రెండెకరాల్లో సైకిల్ చక్రం దొర్లే చోటు అదొక్కటే. బాటకి రెండు పక్కలా బంగినపల్లి చెట్లు. కాయ బరువుకి వంగిన కొమ్మలకి హరీష్ ఫాల్గుణంలోనే ఊతకర్రలు పెట్టాడు. కాగితం కవర్లు తొడిగిన కాయలు ఆ కర్రల మధ్య, సరిగ్గా యశస్విని తల ఎత్తున వేలాడుతున్నాయి.

మొదటి రెండుసార్లు హరీష్ సీటు పట్టుకుని వంగి నడిచాడు. మూడోసారికి, "వదిలెయ్యి, పక్కన చిన్న చక్రాలున్నాయిగా," అంది. వదిలేశాడు. గేటు దాకా వెళ్ళి గంట కొట్టి తిరగడం, మకాం దాకా వచ్చి గంట కొట్టి తిరగడం. పొయ్యి దగ్గర కూర్చున్న అతని భార్య అనూష నవ్వింది. ఆ రోజు ఆదివారం కాబట్టి ఆమె మామిడికాయలు గ్రేడింగ్ చేసే ప్యాకింగ్ షెడ్డుకి పోలేదు. "బస్సు సర్వీసు నడుపుతోందయ్యా నీ కూతురు. ఎక్కేవాళ్ళే లేరు," అంది.

ఐదో ట్రిప్పుకి బస్సు తిరిగి రాలేదు. హరీష్ కర్ర పట్టుకుని గేటు వైపు నడిచాడు. ఆ కర్ర అతని చేతిలో ఎప్పుడూ ఉండేదే. కోతుల్ని అదిలించడానికీ, ఏపుగా పెరిగిన గడ్డిలో పాముల్ని కదపడానికీ, అన్నిటికీ అదే.

యశస్విని గేటు ఊచల మధ్య మొహం పెట్టి నిలబడి ఉంది. అవతల రోడ్డు మీద దగ్గర్లోని కాలనీ పిల్లలు నలుగురు, చేతుల్లో ఖాళీ నీళ్ళ క్యాన్లు. గంట కొట్టింది. నలుగురూ ఆగారు. "ఇది నాదే. కొత్తది," అంది. అందరికన్నా చిన్నవాడు గేటు వైపు ఒక అడుగు వేశాడు. వాడి పక్కనున్న పిల్ల కూడా వేసింది. అప్పుడే హరీష్ చెట్ల నీడలోంచి బాట మీదకి వచ్చాడు.

పిల్లలు ముందు కర్రని చూశారు, తర్వాత మనిషిని. ఎవరూ అరవలేదు. నలుగురూ ఒకేసారి వెనక్కి తిరిగి పరుగందుకున్నారు. చిన్నవాడి క్యాను జారి, దొర్లి, రోడ్డు అంచున ఆగింది. దానికోసం వాడు వెనక్కి రాలేదు.

"ఎందుకు పరిగెత్తారు నాన్నా?"

"ఏమో. ఏదో పనుండి ఉంటుంది."

"క్యాను మర్చిపోయాడు. తాళం తియ్యి, ఇచ్చేసొస్తా."

"వాళ్ళే వచ్చి తీసుకుంటార్లే."

సాయంత్రం దాకా అది అక్కడే పడి ఉంది. చీకటిపడేముందు హరీష్ దాన్ని తీసి గేటు బయట రాతి స్తంభం మీద పెట్టాడు. తెల్లారి చూస్తే లేదు.

ఆ తెల్లారే బుజ్జమ్మ వచ్చింది. ఇప్పటికి ఇది నాలుగోసారి. కాలనీలో ఉంటుంది. నలభై లోపు మనిషి, చేతిలో సద్ది క్యారేజీ, కాలి చెప్పులు అరిగి మడమల కింద కాగితమంత పల్చబడ్డాయి.

"ఏమన్నారు తమ్ముడూ మీ షావుకారు గారు?"

"ఫోన్ చేశానక్కా. జరిమానా కట్టి సైకిల్ తీసుకెళ్ళమన్నారు."

"రెండు కాయలకా? అదీ రాలినవే ఏరుకున్నానని ఒట్టేసి చెబుతోంది పిల్ల. సైకిల్ లేకపోతే జంక్షన్ వైపు ప్యాకింగ్ షెడ్డుకి నేను నడిచి పోవాలి. వెళ్ళేసరికి ఏడు దాటుతోంది. ఇట్లా అయితే రావొద్దు అంటున్నాడు మా మేస్త్రి."

హరీష్ చేతిలో తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. ఆ పిల్ల ఒట్టులో అబద్ధం లేదని అతనికి తెలుసు. పది రోజుల కిందట గాలి రేగిన సాయంత్రం, కంచె సందులోంచి దూరి, గౌను ఒడిలో రెండు కాయలు వేసుకుంటుంటే కళ్ళారా చూశాడు. ఒకటి పగిలిన కాయ. అతను అరవగానే పిల్ల కాయలూ, కంచెకి ఆనించిన తల్లి సైకిలూ వదిలేసి పారిపోయింది. సరిగ్గా అప్పుడే లక్ష్మీనారాయణ గారి కారు వచ్చి ఆగింది. "కోసిందా, ఏరుకుందా?" అనడిగాడాయన. ఏరుకుందంటే, లోపలికొచ్చి ఏరుకునేదాకా నువ్వేం చేస్తున్నావు అంటాడు. ఆ అర క్షణంలో హరీష్ నోటికి తోచింది వచ్చేసింది. "కోసిందండీ. కొమ్మ వంచి మరీ కోసింది." కొమ్మ సంగతి ఆయన అడగలేదు. అది హరీషే కలిపాడు.

"నా చేతిలో ఏముందక్కా," అన్నాడిప్పుడు.

గంట మోగింది. యశస్విని బాట మీద వేగంగా వచ్చి గేటుకి జానెడు దూరంలో బ్రేకు వేసింది. "ఆంటీ, ఇది నా సైకిల్. రేపు నా పుట్టినరోజు."

బుజ్జమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి, ఆ పిల్ల గౌను భుజం మీంచి జారుతుంటే సర్దింది. "ఎన్నేళ్ళమ్మా?"

"ఆరు. మీకు పిల్లలున్నారా?"

"ఉంది. మాధురి. పదేళ్ళు."

"రేపు పంపించండి. మా అమ్మ కేకు తెస్తుంది. మాధురక్కని వెనక కూర్చోబెట్టుకుని తిప్పుతా."

బుజ్జమ్మ కారియర్ వైపు ఒకసారి, హరీష్ వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది అనిపించింది హరీష్‌కి. "మా మాధురి ఇటు రాదమ్మా," అంది, ఇవాళ బస్సు లేదు అని చెప్పినట్టు. "ఆ రోజు నుంచి ఈ గేటంటే చాలు, దానికి జ్వరం వస్తోంది." క్యారేజీ చెయ్యి మార్చుకుని, రోడ్డు దిగి నడిచిపోయింది.

యశస్విని చాలాసేపు అటే చూసింది.

"మకాంలో ఉన్న పెద్ద సైకిల్ ఆవిడదా?"

"ఊఁ."

"అది దొంగ సైకిల్ అన్నావుగా?"

"ఎండెక్కుతోంది. లోపలికి పద," అన్నాడు హరీష్.

పుట్టినరోజు పొద్దున అనూష కూతురికి తలంటి, కొత్త గౌను వేసి, నుదుట బొట్టు పెట్టి, పనికి బయల్దేరింది. కోతల రోజులు, మానితే షెడ్డువాళ్ళు ఊరుకోరు. ఆటో ఎక్కుతూ మొగుడితో అంది: "ఐదింటికల్లా కేకు తీసుకొస్తా. ఈలోపు నలుగురు పిల్లల్ని పిలువయ్యా. మనిద్దరం నిలబడి చప్పట్లు కొడితే ఏం బాగుంటుంది?"

"ఎవర్ని పిలవను?"

"నన్నడుగుతావేంటి? కాలనీ పిల్లల మొహాలన్నీ నీకే కదా తెలుసు."

ఆమె మామూలుగానే అంది. ఆటో వెళ్ళిపోయాక కూడా ఆ మాట అక్కడే నిలబడిపోయింది.

మధ్యాహ్నం యశస్విని నిద్రపోయింది. హరీష్ చాక్లెట్ల ప్యాకెట్ తీసుకుని, గేటుకి తాళం వేసి, కర్ర లోపలే వదిలేసి కాలనీకి నడిచాడు. కిలోమీటరు లోపే. దారిపొడుగునా ఖాళీ కుడిచెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాలనీ మొదట్లోనే, ఇళ్ళ నీడలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. "ఒరే అబ్బాయిలూ," అన్నాడు, వీలైనంత మెత్తగా. తల తిప్పి చూశారు. ఒక్క రెప్పపాటులో సందు ఖాళీ అయిపోయింది. ప్లాస్టిక్ బ్యాటు ఒకటి నేలమీద పడి ఉంది.

ఎదురింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ముసలి వెంకాయమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది. "ఎవర్ని పట్టుకోవడానికొచ్చావు నాయనా?"

"పట్టుకోవడానికి కాదు మామ్మా. ఇవాళ మా పాప పుట్టినరోజు. సాయంత్రం పిల్లల్ని పంపిస్తారేమో అడుగుదామని..."

"పంపిస్తే తిరిగి పంపిస్తావా?"

వేళాకోళమనుకుని నవ్వబోయాడు. ముసలమ్మ మొహంలో నవ్వు లేదు. ప్యాకెట్ అరుగు మీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు, తీసెయ్యమనీ అనలేదు. ఇంకో పిక్క తీసి పక్కకి వేస్తూ, "చెప్తాలే," అంది.

ఆ సాయంత్రం హరీష్ గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. ట్రాక్టర్ రాని రోజు ఆ గేటు అలా తెరవడం అదే మొదలు. అనూష మకాం స్తంభాలకి బుడగలు కట్టింది. స్టూలు మీద కేకు. యశస్విని సైకిల్‌తో గేటు మధ్యలో నిలబడింది, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. ఎవరో ఒక ముసలాయన గేదెని తోలుకుంటూ పోయాడు. ఒక పాల వ్యాను పోయింది. దూరంగా కాలనీ వైపు నుంచి పిల్లల అరుపులు గాలివాటుకి వచ్చేవి, మళ్ళీ ఆగిపోయేవి.

"ఇంకాసేపు చూద్దామమ్మా," అంది యశస్విని, అనూష రెండోసారి పిలిచినప్పుడు.

మూడోసారి పిలిచేసరికి పొద్దు గూకింది. గాలికి కొవ్వొత్తి నిలవలేదు. హరీష్ రెండు చేతులూ అడ్డం పెడితే వెలిగింది. ముగ్గురే పాట పాడారు. సగం కేకు మిగిలింది. "వాళ్ళకి దాచిపెట్టు," అంది పిల్ల. అనూష డబ్బా మూత పెట్టి, చీమలు పట్టకుండా నీళ్ళు పోసిన పళ్ళెంలో ఉంచింది.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుని ఊరుకోబెట్టేవాడు. అది తన సైకిల్‌ని మెల్లగా నడిపించుకుంటూ మకాం లోపలికి తీసుకెళ్ళి, మూలనున్న పెద్ద సైకిల్ పక్కన, హ్యాండిలుకి హ్యాండిలు తగిలేలా నిలబెట్టింది. "ఇక్కడైతే దీనికి తోడుంటుంది," అంది. హరీష్ గేటు మూయడానికి వెళ్ళాడు. గొలుసు చుట్టి తాళం వేసి, ఆ చీకట్లో ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తను అటువైపున్నాడో ఇటువైపున్నాడో అతనికే తెలియలేదు.

మర్నాడు కోత. అనూష వెళ్ళిన కాసేపటికే ట్రాక్టర్ మీద ఖాళీ క్రేట్లు, ఎనిమిది మంది కూలీలు వచ్చారు. వెనకే లక్ష్మీనారాయణ గారి కారు. చెడ్డ మనిషి కాదాయన. కూలీల కోసం ఎప్పుడూ డబ్బా నిండా మజ్జిగ తెస్తాడు. కానీ రోజురోజుకీ ధర పడిపోతున్న బెంగ ఆయన కళ్ళ కింద నల్లగా పేరుకుంది. కోసిన మొదటి కాయ తీసుకుని, తొడిమె దగ్గర వాసన చూసి, బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకో వారం ఆగితే బాగుండేది. ఆగేట్టు లేదు," అన్నాడు. నీడ కోసం మకాంలోకి నడిచాడు. వెళ్ళినవాడు అక్కణ్ణుంచే కేకేశాడు.

"హరీషూ! ఇంకోటి పట్టావేంటి?"

హరీష్‌కి అర్థం కాలేదు. క్రేటు దించి వెళ్ళాడు. లక్ష్మీనారాయణ గారు చిన్న సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"భలేవాడివే. ఇది కొత్తది! ప్లాస్టిక్ కాగితం కూడా పూర్తిగా ఊడలేదు. ఎవరి పిల్లదో గానీ, దీనికి మాత్రం జరిమానా రెట్టింపు అడుగు. పరిగెత్తుకుంటూ వస్తారు."

గడప దగ్గరున్న ఇద్దరు కూలీలు నవ్వారు. మంచం మీద పాలు తాగుతున్న యశస్విని గ్లాసు కింద పెట్టి దిగింది. వచ్చి, రెండు చేతులతో సీటు పట్టుకుంది.

"ఇది నాది," అంది. "నేనేం కాయలు కొయ్యలేదు."

లక్ష్మీనారాయణ గారు చెయ్యి చటుక్కున తీసేశాడు. "అయ్యో, మీ పాపదా? నాకేం తెలుసు తల్లీ," అని నవ్వాడు. పిల్ల నవ్వలేదు. సీటు వదల్లేదు. పెద్దమనిషి మొహంలోకి కళ్ళార్పకుండా చూస్తోంది, ఇంకేం ప్రమాణం చెయ్యమంటారు అన్నట్టు.

హరీష్ ఆ చూపు చూశాడు. కంచె దగ్గర, గౌను ఒడి జార్చేసి తన వైపు చూసిన చూపు ఇదే. అప్పుడు అది వేరే పిల్ల కళ్ళల్లో ఉంది. అంతే తేడా.

"అయ్యగారూ," అన్నాడు. "ఆ పెద్ద సైకిల్ తాలూకు పిల్ల కూడా కొయ్యలేదండీ."

"ఏంటి?"

"రాలిన కాయలే ఏరుకుంది. నేను చూశాను. కొమ్మ వంచిందని అబద్ధం చెప్పాను. మీరు నన్నంటారని భయమేసింది."

నవ్వుతున్న కూలీలు ఆపేశారు. లక్ష్మీనారాయణ గారు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఆ ఆడమనిషి మా ఇంటికి కూడా వచ్చింది," అన్నాడు చివరికి. "గుమ్మంలో నిలబడి ఏడ్చింది. దొంగ పిల్లని వెనకేసుకొస్తోందని నేను నానా మాటలూ అన్నాను."

హరీష్ తల ఎత్తలేదు.

"సైకిల్ ఇచ్చేసి రా. జరిమానా లేదు, ఏం లేదు." రుమాలు మడిచాడు. "ఇవాళ నిజం చెప్పావు, సరే. కానీ అడక్కుండానే కొమ్మ వంచిందన్నావు చూడు, అదెట్లా మర్చిపోను? లక్షల కాయ నీ మాట మీదే కదా వదిలి ఇంట్లో పడుకునేది. శనివారానికి వేరే మనిషిని చూసుకుంటాను. ఏమనుకోకు."

"చిత్తమండీ," అన్నాడు హరీష్. నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు. అతనికి మాత్రం అవలేదు. శనివారానికింకా మూడు రోజులు. అనూషకి సాయంత్రం చెప్పాలి.

పెద్ద సైకిల్ రెండు టైర్లలోనూ గాలి లేదు. నడిపిస్తుంటే రిమ్ము రోడ్డు మీద దడదడలాడింది. పక్కనే యశస్విని తన సైకిల్ మీద, ముందు బుట్టలో కేకు డబ్బా. చక్రం గుంటలో పడినప్పుడల్లా ఒక చేత్తో డబ్బాని ఆపుకుంటోంది.

పనివేళ కదా, బుజ్జమ్మ ఇంట్లో ఉండదనే అనుకున్నాడు. గుమ్మంలోనే కూర్చుని ఉంది. నిన్న మేస్త్రి, ఇంక రావొద్దని వెనక్కి పంపేశాడట. ఆ సంగతి పక్కింటావిడ చెప్పింది, ఆమె చెప్పలేదు. సైకిల్‌ని చూసి లేచి నిలబడింది, కానీ అడుగు ముందుకి వెయ్యలేదు.

"ఎంత కట్టాలి?"

"ఏం కట్టక్కర్లేదక్కా." హరీష్ స్టాండు వేశాడు. చుట్టుపక్కల గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళందరూ వినేలా చెప్పాలని దారిలో అనుకున్నాడు గానీ, గొంతు అంత దూరం పోలేదు. "మీ పిల్ల కాయ కొయ్యలేదు. రాలిందే ఏరుకుంది. నేను చూసి కూడా కోసిందని చెప్పాను."

బుజ్జమ్మ అతని మొహంలోకి చూసింది. "ఆ మాట నాక్కాదు. దానికి చెప్పు."

సగం మూసిన తలుపు వెనక గౌను అంచు, ఒక పాదం కనిపిస్తున్నాయి. హరీష్ తలుపు దగ్గరికి వెళ్ళబోయాడు. పాదం లోపలికి పోయింది. ఆగిపోయాడు. ఉన్నచోటునుంచే తలుపుతో చెప్పాడు: "మాధురమ్మా, నీ తప్పేం లేదు. తప్పు నాది."

తలుపు కదల్లేదు.

బుజ్జమ్మ పమిట చెంగుతో సీటు మీద దుమ్ము తుడిచి, టైరు నొక్కి చూసి, పక్కింట్లోంచి పంపు తెచ్చి అతని ముందు పెట్టింది. హరీష్ వంగి గాలి కొట్టాడు. చెమట ముక్కు మీంచి కారి పంపు మీద పడుతోంది. వెనక చక్రం అయ్యేసరికి, భుజం మీద ఒక చిన్న చెయ్యి పడింది.

యశస్విని. అప్పటిదాకా సందు మధ్యలో కేకు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ప్రతి గోడ చాటునా ఒక తల ఉంది, ప్రతి కిటికీలో రెండు కళ్ళున్నాయి. ఒక్కరూ బయటికి రాలేదు.

"నాన్నా," అంది అతని చెవిలో. "నువ్వెళ్ళు."

"ఎక్కడికి?"

"అటు. నువ్వుంటే వాళ్ళు రావట్లేదు."

హరీష్ పంపు పక్కన పెట్టాడు. లేచి, లుంగీకి చేతులు తుడుచుకుని, సందు చివరనున్న నీళ్ళ ట్యాంకు దాకా నడిచాడు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చూస్తే కూతురు ఇంకా చెయ్యి ఊపుతోంది, ఇంకొంచెం అటు, ఇంకొంచెం అని. ట్యాంకు వెనక్కి వెళ్ళి, ఎవరికీ కనపడకుండా సిమెంటు గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. గోడ అప్పటికే కాలుతోంది.

కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత నేల మీద చెప్పుల చప్పుడు, ఒక జత. ఆగింది. ఇంకో జత. "లోపలేముంది?" అని ఎవరో పిల్లాడి గొంతు. "కేకు. నిన్నటిది. పాడవలేదు," అని యశస్విని. ఆ తర్వాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. ముందు నేనెక్కుతానంటే ముందు నేనని, కాదు మాధురక్క అని, మాధురక్కని లోపల్నుంచి లాక్కురండ్రా అని. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తున్నారు. అందులో తన కూతురి గొంతు పోల్చుకుందామని చెవి ఒగ్గాడు. దొరకలేదు. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

తొంగి చూడాలనిపించింది. చూడలేదు.

బుజ్జమ్మ సైకిల్ మీద ట్యాంకు పక్కనుంచి వచ్చింది. షెడ్డుకి పోయి మేస్త్రిని బతిమాలి చూస్తుంది కాబోలు, చేతికి క్యారేజీ తగిలించుకుంది. అతన్ని చూసి ఒక కాలు కింద పెట్టి ఆపింది.

"మీ పిల్ల ఏమన్నా తిన్నదా?"

"పాలు తాగిందక్కా."

"అన్నం వండే ఉంది. మాధురి పెడుతుంది. ఎండ తగ్గాక వచ్చి తీసుకెళ్ళు." పెడల్ మీద కాలు వేసి, ఆగి, "అదింకా నీతో మాట్లాడదు. తొందరపెట్టకు," అంది. వెళ్ళిపోయింది.

హరీష్ పొలం గట్టు మీదుగా చుట్టు తిరిగి, సందులోకి పోకుండా రోడ్డెక్కాడు. వచ్చేటప్పుడు పక్కన రెండు సైకిళ్ళు. ఇప్పుడు ఒక్కడే. తోట దగ్గరయ్యేకొద్దీ పిల్లల గోల సన్నగిల్లి, కూలీల కేకలు పెద్దవయ్యాయి. గేటు తీసే ఉంది. లక్ష్మీనారాయణ గారు మజ్జిగ గ్లాసు పట్టుకుని చెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు.

"పాపేది? ఎక్కడ వదిలేసొచ్చావు?"

హరీష్ చెట్టుకి చేరేసి ఉన్న, కాయలు కోసే చిక్కం కర్ర అందుకున్నాడు.

"కాలనీలో ఉందండీ," అన్నాడు. "పిల్లలతో ఆడుకుంటోంది."

చిక్కాన్ని పైకొమ్మ దాకా ఎత్తి, ఒక కాయని వలలోకి తీసుకుని లాగాడు. తొడిమెతో సహా తెగింది. సొన చుక్క ఒకటి చెంప మీద పడి చురుక్కుమంది. తుడుచుకోకుండా రెండో కాయ కోసం కర్ర ఎత్తాడు.